మనవాడే యైనను

తన పక్షము మంచిదని నమ్మి, ఆ పక్షము నిలిపిన మనుష్యుని మాత్రము నమ్మలేని ఓటరు ఏమి చేయవలెను? ఓటు హక్కు గల ప్రతి గృహమునందును ఈ ప్రశ్న యెన్నడో యొకప్పుడు పుట్టక మానదు. “పక్షమును చూడుము, మనిషితో నీకేమి పని?” యని తండ్రి యనును. “మనిషిని విడిచి పక్ష మెక్కడ నున్నది?” యని కుమార్తె యనును. ఊహలతో వాదించుటకంటె, ఈ ప్రశ్న లక్షలకొలది జనుల యెదుట నిజముగా నిలిచిన యొక సందర్భమును పరిశీలించుట మేలు.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో ప్రతి రాష్ట్రమును, పెద్దదైనను చిన్నదైనను, సెనేటు సభకు ఇద్దరేసి సభ్యులను పంపును. 1913లో జరిగిన రాజ్యాంగ సవరణకు పూర్వము వారిని రాష్ట్ర శాసనసభలే యెన్నుకొనెడివి. పిమ్మట నా హక్కు ప్రజలకు వచ్చినది. రాష్ట్రమంతయు నొకే నియోజకవర్గము. 2017లో అలబామా సెనేటరు జెఫ్ సెషన్స్ దేశమునకు అటార్నీ జనరల్ కాగా నాతని స్థానము ఖాళీ యయ్యెను.

అలబామా రిపబ్లికన్ పక్షమునకు పెట్టనికోట. ఆ పక్షము రాయ్ మూర్‌ను నిలిపెను. ఆయన ఆ రాష్ట్ర ప్రధాన న్యాయమూర్తిగా నుండి, న్యాయస్థాన భవనమున తాను నెలకొల్పిన దశాజ్ఞల శిలను తొలగింపుమన్న ఫెడరల్ న్యాయస్థానపు టాజ్ఞను పాటింపనందున 2003లో పదవినుండి తొలగింపబడినవాడు. ఎన్నిక సమీపించిన నవంబరు నెలలో, తాము చిన్నవయసు బాలికలమై యుండగా ఆయన తమతో తప్పుగా ప్రవర్తించెనని కొందరు స్త్రీలు ఆరోపించిరి, ఆయన కాదనెను. ప్రతిపక్షి డెమోక్రాటు డగ్ జోన్స్. 1963లో బర్మింగ్‌హామ్ చర్చిలో బాంబు పేల్చి నలుగురు బాలికలను చంపిన వారిలో ఇద్దరికి, సుమారు నాలుగు దశాబ్దముల పిమ్మట, శిక్ష పడునట్లు వాదించిన న్యాయవాది.

అప్పుడు ఆ రాష్ట్రపు రెండవ సెనేటరు, రిపబ్లికనే యైన రిచర్డ్ షెల్బీ, తాను మూర్‌కు ఓటు వేయలేదనియు, ఓటుపత్రముపై వేరొక రిపబ్లికన్ పేరు వ్రాసితిననియు బహిరంగముగా చెప్పెను. డిసెంబరు 12న జోన్స్‌కు 6,73,896 ఓట్లు, మూర్‌కు 6,51,972 ఓట్లు వచ్చెను. వేరు పేర్లు వ్రాసినవారు 22,852 మంది. గెలుపోటముల భేదము 21,924 మాత్రమే!

ఈ మూడవ పేరు వ్రాసినవారు చేసినది ధర్మమా? “ఆరోపణ రుజువు కాలేదు, పైగా సెనేటులో మన బలము 52 నుండి 51కి తగ్గినది, ఒక్క మనిషిపై రోతచే దేశమునకు మేలు చేయు చట్టములను చెరుపుకొందురా?” యని యాక్షేపింతురు. ఈ యాక్షేపణ తేలికది కాదు. సిద్ధాంతమును ప్రాణముగా నెంచువానికి ఒక్క స్థానమైనను విలువగలదే. కాని ఓటు శిక్ష కాదు, నమ్మకము. శిక్షకు రుజువు కావలెను. నమ్మకమునకు నమ్మిక కావలెను. నమ్మలేనివానికి అధికారము నొసగవలసిన ఋణము ఎవ్వరికిని లేదు. ఎవరిని నిలిపినను ఓట్లు తప్పక పడునని యెరిగిన పక్షము, మంచివానిని వెదకు శ్రమ యేల పడును?

అయినను ఒక్క మాట. మూడవ పేరు వ్రాసినవాడు “నాకేమియు నంటలేదు” అని చేతులు దులుపుకొనరాదు. తన పక్షమోడుటకు తానును కొంత కారకుడు. ఆ భారమును తెలిసి తలదాల్చినచో నది ధర్మము. తెలియనట్లు నటించినచో నది పిరికితనము. మన దేశమున 2013లో సుప్రీంకోర్టు తీర్పుచే ‘పైవారెవ్వరును కారు’ అను మీట ఓటుయంత్రముపైకి వచ్చినది. దానికెన్ని ఓట్లు పడినను, అభ్యర్థులలో నెక్కువ ఓట్లు పొందినవాడే గెలుచును. కావున దానిని నొక్కువాడును ఫలితమునకు వెలియైనవాడు కాడు.

2020లో ఆ అలబామా స్థానమునే రిపబ్లికన్ పక్షము వేరొక యభ్యర్థితో సునాయాసముగా మరల గెలుచుకొనెను. ఆ రాష్ట్రప్రజలు పక్షమును మార్చుకొనలేదు. పక్షముచేత మనిషిని మార్పించిరి. ఆ తండ్రియు నా కుమార్తెయు మరల వాదించుకొనునపుడు ఈ సంగతిని తలచుకొందురు గాక.