కరిగిన మంచు కింద ఎవరి వాటా?

తండ్రి మంచం పట్టాడు. వైద్యుడు ఇంకా ఆశ వదులుకోలేదు. కాని కొడుకులు అప్పుడే పెరట్లో తాడు పట్టుకుని స్థలం కొలుస్తున్నారు. పైగా ఆయనకు ఆ ఊపిరితిత్తుల జబ్బు వచ్చింది ఇంట్లో వాళ్ళు పెట్టిన పొగ వల్లే! అలాంటి కొడుకులను మనం ఏమంటాం? నేడు ఉత్తర ధ్రువం దగ్గర జరుగుతున్నది దాదాపు ఇదే.

1979 నుండి ఆ ప్రాంతం మిగతా భూగోళం కంటే సుమారు నాలుగు రెట్ల వేగంతో వేడెక్కుతోంది. 2012 సెప్టెంబరులో అక్కడి సముద్రపు మంచు 34 లక్షల చదరపు కిలోమీటర్లకు కుదించుకుపోయింది. ఇది మానవుడు బొగ్గు, చమురు, గ్యాసు మండించి తెచ్చిన వేడి. ఇక ఆ మంచు ప్రాంతంలో ఏముంది? ప్రపంచంలో ఇంకా కనుగొనని చమురులో 13 శాతం, గ్యాసులో 30 శాతం ఉండవచ్చని 2008లో అమెరికా భూగర్భ సర్వే సంస్థ అంచనా వేసింది. ఏది కాల్చి మంచును కరిగించారో దాన్నే మరింత తవ్వుకోవడానికి ఆ కరుగుదలే దారి తీస్తోంది. ఒక్కసారి ఆలోచించండి, చేసిన తప్పే లాభానికి తలుపు తెరిస్తే, ఆ లాభం న్యాయమైనదేనా?

2007 ఆగస్టులో రష్యా ధ్రువం కింద 4,200 మీటర్లకు పైగా లోతున టైటానియం జెండా పాతింది. సముద్రగర్భంలోని లోమొనోసోవ్ పర్వతశ్రేణి తమ భూభాగానికి కొనసాగింపని రష్యా అంటుంది. డెన్మార్క్ 2014లో, కెనడా 2019లో అదే వాదన ఐక్యరాజ్యసమితి ముందుంచాయి. నిజమే, జెండా పాతినంత మాత్రాన హక్కు రాదు. 1982 నాటి సముద్ర చట్టం శిలల ఆధారాలు అడుగుతుంది. మంచు ఎవరి వల్ల కరిగిందని మాత్రం అడగదు.

ఆస్తి పంచుకునే ముందు అప్పు తీర్చాలని మన ఇళ్ళలో పిల్లలకు కూడా తెలుసు. ఇక్కడ ఆ అప్పు ఎవరికి బాకీ? అలాస్కాలో షిష్మరెఫ్ అనే చిన్న ఊరుంది. అలలను అడ్డుకునే మంచు ఆలస్యంగా ఏర్పడుతుండడంతో తీరం కోసుకుపోతోంది. 2016లో ఆ ఊరివారు పుట్టిన చోటు వదిలి వెళ్ళాలని ఓటు వేశారు. వెళ్ళడానికి డబ్బు లేదు.

దేశాల మధ్య ధర్మం మాట్లాడడం అమాయకత్వమని కొందరంటారు. కాని 2018లో రష్యా, అమెరికా, చైనాలతో సహా తొమ్మిది దేశాలు, యూరోపియన్ యూనియన్ కలిసి, మధ్య ఆర్కిటిక్ సముద్రంలో చేపల వ్యాపారం ఇంకా మొదలుకాకముందే దానికి దూరంగా ఉంటామని సంతకం చేశాయి. 2021లో అమలులోకి వచ్చిన ఆ ఒప్పందం గడువు 16 ఏళ్ళు. అందులో చమురు ప్రస్తావన లేదు.