తాళంచెవి ఎవరి చేతిలో ఉంది?



కొన్నేళ్ళ క్రితం మా విచారణలో ఒక బిడ్డ ప్రథమ దివ్యసత్ప్రసాద స్వీకరణ జరిగింది. పూజ తర్వాత విందు. రాత్రి బయలుదేరేటప్పుడు ఆ బిడ్డ తండ్రి మోటారుసైకిలు ఎక్కుతూ తూలడం నేను కళ్ళారా చూశాను. "మెల్లగా వెళ్ళు నాయనా" అన్నాను. ఊరి మలుపులో, రోడ్డు వారగా నడచిపోతున్న ఒక వృద్ధుని అతడు గుద్దివేశాడు. ఆ పెద్దాయన ఈనాటికీ ఊతకర్ర లేనిదే గుడి మెట్లెక్కలేడు. తాళంచెవి అడగవలసిన నోటితో నేను జాగ్రత్తలు చెప్పి ఊరుకున్నాను.

ఈ విషయంలో చట్టం ఏమంటున్నదో మన కుటుంబాలు తెలుసుకోవాలి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం, 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాలు ఉండగా బండి నడపడమే కాదు, నడపబోవడం కూడా నేరమే. 2019లో వచ్చిన సవరణతో మొదటిసారి పట్టుబడితే ఆరు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. మళ్ళీ పట్టుబడితే రెండేళ్ళ వరకు జైలు, లేదా 15,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. లైసెన్సు కూడా పోవచ్చు.

ప్రాణమే పోతే? 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత ప్రకారం, నిర్లక్ష్యంతో మరణానికి కారకుడైనవానికి అయిదేళ్ళ వరకు శిక్ష. తన పని ప్రాణం తీయగలదని తెలిసే చేశాడని కోర్టు భావిస్తే పదేళ్ళ వరకు. 2006లో ముంబయిలో తాగి కారు నడిపి, పేవ్‌మెంటు మీద నిద్రిస్తున్న ఏడుగురు కూలీల మరణానికి కారకుడైన యువకునికి పడిన మూడేళ్ళ శిక్షను సుప్రీంకోర్టు 2012లో ఈ దృష్టితోనే ఖాయం చేసింది.

"నాది సైకిలే గదా" అనేవారున్నారు. 185వ సెక్షన్ మోటారు బండ్లకే వర్తిస్తుంది, నిజమే. కాని బహిరంగ మార్గంలో ఇతరుల ప్రాణానికి ముప్పు తెచ్చేలా ఏ వాహనం నడిపినా వేరే సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు పడవచ్చు.

"తాగిన మైకంలో జరిగింది, నాకేమీ తెలియదు" అనే సాకు పాతదే. దీనికి అరిస్టాటిల్ ఏనాడో జవాబిచ్చాడు: తెలియని స్థితిని తెలిసే తెచ్చుకున్నవాడు ఆ తెలియనితనానికి కూడా బాధ్యుడే. మన శ్రీసభ సత్యోపదేశం 2290వ పేరా, తాగి రోడ్డు మీద తన ప్రాణాన్నీ ఇతరుల ప్రాణాన్నీ అపాయంలో పెట్టేవాడు ఘోర దోషం కట్టుకుంటాడని బోధిస్తున్నది. కాబట్టి ప్రమాదం జరగకపోయినా ఇది పాపసంకీర్తనంలో చెప్పుకోవలసిన పాపమే.

ఇక చూస్తూ ఊరుకున్నవారి సంగతి. నిర్గమ కాండము 21వ అధ్యాయంలో పొడిచే ఎద్దును గూర్చిన నియమమున్నది. ఎద్దు పొడుస్తుందని ముందే హెచ్చరించినా దానిని కట్టివేయని యజమానుడు ఆ మరణానికి బాధ్యుడు. మన చట్టంలోని 188వ సెక్షన్ కూడా తాగి నడపడానికి ప్రేరేపించిన వానికి, తోడ్పడిన వానికి అదే శిక్ష విధిస్తున్నది. అతడు తాగాడని తెలిసే బండి చేతికిచ్చిన అన్నా, "ఏం కాదు, పోరా" అని వెనక కూర్చున్న స్నేహితుడూ ఆలోచించుకోవాలి.

"కానా పెండ్లిలో ప్రభువే ద్రాక్షరసమిచ్చాడు గదా ఫాదర్‌గారూ" అని నన్నడిగినవారున్నారు. అవును, ఇచ్చాడు. అది విందుచేసినవారిని అవమానం నుండి కాపాడటానికి, అతిథిని దారిలో చంపటానికి కాదు. ఆ పెండ్లిలో లోటును ముందుగా గమనించింది దేవమాత. మన విందులలోనూ అలా గమనించే కన్ను ఒకటి కావాలి. తల్లులారా, బండి తాళాలు ముందే మీ దగ్గర పెట్టుకొనండి. విందుచేసేవారలారా, తాగినవానికి ఆ రాత్రి ఒక చాప పరవండి, లేదా ఆటో పిలిచి ఎక్కించండి. అతడు కోపపడితే పడనివ్వండి. తెల్లవారితే ఆ కోపం పోతుంది. పోయిన ప్రాణం తిరిగిరాదు.

నాటి రాత్రి నేను చేయనిది మీరు చేయండి. మన రోడ్లపై నడచే ప్రతి వృద్ధుణ్ణీ, ప్రతి పసిబిడ్డనూ ప్రభువు మన చేతికి అప్పగించాడు. ఆయన కృప మీకందరికీ తోడైయుండునుగాక. ఆమెన్.