వస్తువు – భావము – అనుభవము

పరమార్థము వస్తువునందున్నదా, భావమునందున్నదా? ఇది పండితుల వాదమునకే పరిమితమైన ప్రశ్న కాదు. ఇష్టలింగమును కరస్థలమున నిలిపి పూజించు ప్రతి గృహమునకును ఇది వచ్చును. “అమ్మా, చేతిలో నున్నది శిలయే కదా, దేవుడెక్కడ?” అని బిడ్డ యడిగినచో తల్లి యేమి చెప్పవలెను?

హైదరాబాదు పాతనగరమున మూసీనది దక్షిణపు టొడ్డున సాలార్‌జంగు మ్యూజియము కలదు. అందు ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన ‘మేలిముసుగు రెబెకా’ యను పాలరాతి విగ్రహమున్నది. మొదటి సాలార్‌జంగు దానిని 1876లో ఇటలీలో కొనెను. వధువు మోముపై పలుచని వస్త్రము, దాని మాటున కనుముక్కు తీరు చూపరులకు గోచరించును. అచట నూలుపోగైనను లేదు. ముసుగును ముఖమును ఒకే రాయి. ఆ ముసుగు రాతియందే యున్నదన్నచో, రాతిని తడిమినవానికి రాయియే తగులును. తలపునందే యున్నదన్నచో, ప్రక్కనున్న గోడను చూచినపుడు ఆ తలపేల కలుగదు? ఉలి మలచిన రూపమును చూచువాని దృష్టియు కలిసినచోటనే అది యున్నది.

అయితే ఈ యుపమానమునకు హద్దు కలదు. ముసుగు కంటికి కలిగిన భ్రాంతి. చూచి వెడలినవాడు మునుపటివాడే. లింగదృష్టి యట్లు గాదు. అది మనుష్యుని నడతను మార్చవలెను. మారనిచో ఆ పూజయు ముసుగే.

కావుననే పెద్దలు ఇష్టలింగముతో నాపక ప్రాణలింగమును, భావలింగమును చెప్పిరి. “భక్తి మనసులోనున్న చాలును” అని లింగమును పెట్టెలో దాచువాడు ఒక అంచున తప్పినాడు. మూడువేళల పూజచేసి, అంగడిలో తూకము తగ్గించువాడు రెండవ అంచున తప్పినాడు. మొదటివానికి ఆధారము లేదు, రెండవవానికి ఆంతర్యము లేదు.

12వ శతాబ్దమున కళ్యాణపట్టణమున బసవేశ్వరుని చుట్టు శరణులు కూడిన సభను సంప్రదాయము ‘అనుభవమంటపము’ అని పిలిచెను. ఆ పేరులోనే సమాధానమున్నది. వస్తువును భావమును కలుపునది అనుభవము. దానికి సాక్ష్యము కాయకము, దాసోహము.

కనుక తల్లి బిడ్డతో నిట్లు చెప్పవచ్చును: “నాయనా, ఇది శిలయే. దీనిని చూచిన కన్నులతోనే ఆకలిగొన్నవానిని చూడుము. అతనికి నీ పళ్లెములోని అన్నము పెట్టవలెనని నీకు తోచిన క్షణమున, దేవుడెక్కడ అని నన్నడుగ నక్కరలేదు.”