ఆడుకోవడానికి ఇంత చోటు



రిచర్డ్ క్రాయిచెక్ గుర్తున్నాడా? నెదర్లాండ్స్ టెన్నిస్ ఆటగాడు. వలస వచ్చిన చెక్ దంపతుల బిడ్డ. పొడగరి. సర్వీసు చేస్తే పిడుగే.

1996లో వింబుల్డన్ పోటీల్లో అప్పటి మేటి ఆటగాడు పీట్ సంప్రాస్‌ను ఓడించాడు. ఆ రోజుల్లో, ఆ పచ్చికమీద, సంప్రాస్‌ను ఓడించడమంటే మాటలా! చివరికి కప్పూ అతనిదే. నెదర్లాండ్స్ మగవాళ్లలో సింగిల్స్ గ్రాండ్‌స్లామ్ గెలిచింది ఇప్పటికీ అతనొక్కడే.

తర్వాత గాయాలు వేధించాయి. అంతటి గెలుపు మళ్లీ రాలేదు.

నాకు మాత్రం కప్పుకన్నా మరొకటి నచ్చింది. తన పేరిట సంస్థ పెట్టాడు. పేదల పేటల్లో పిల్లలకు ఆటస్థలాలు ఏర్పాటు చేయించాడు. ఆడుకోవడానికి ఇంత చోటు. అంతే.

వాకిట్లో ఇంత చోటుంటే ముగ్గు పడుతుంది. వీధిలో ఇంత చోటుంటే ఆట పుడుతుంది.

ఈ సాయంత్రం మీ వీధిలో పిల్లలు ఆడుతుంటే, బండి కాస్త పక్కకు పెట్టండి.