మా ఆవిడ బొటనవేలు

ఐసీయూలో మనిషిని చూడనిచ్చేది రోజుకు రెండు పూటలు, పూటకు పది నిమిషాలు. రెండో రోజు సాయంత్రం నాకు దొరికిన పది నిమిషాల్లో నాలుగు నిమిషాలు మా ఆవిడ బొటనవేలితో ఆమె ఫోన్ తెరవడానికే పోయాయి. కుడిచెయ్యి పడిపోయి ఉంది. చూపుడువేలికి ఎర్రలైటు క్లిప్పు. బొటనవేలు నిలవదు, వదిలేస్తే అరచేతిలోకి వాలిపోతోంది. మొదటిసారి ఫోన్ ఒప్పుకోలేదు. వేలు చెమ్మగా ఉందని జేబురుమాలుతో తుడిచాను. రెండోసారీ ఒప్పుకోలేదు. మూడోసారి గట్టిగా అదిమితే తెరుచుకుంది. పక్క మంచం దగ్గర సెలైన్ సీసా మారుస్తున్న నర్సమ్మ చూసింది. చూసి, చూడనట్టు తల తిప్పుకుంది.

ఇది జరిగి ఏడాది దాటింది. మా ఆవిడ ఇప్పుడు కర్ర లేకుండా నడుస్తోంది. మాట మధ్యలో ఆగుతుంది, మళ్ళీ పుంజుకుంటుంది. ఇల్లు తనే చూసుకుంటోంది. అంతా సర్దుకుంది, ఆ నర్సమ్మ తల తిప్పుకోవడం ఒక్కటే నాకు సర్దుకోలేదు.

పలకరింపులకు వచ్చినవాళ్ళు బత్తాయిల సంచి కింద పెట్టి అందరూ ఒకే మాట అన్నారు: "డబ్బుదేముందండీ, మనిషి ముఖ్యం." ఈ మాట మీద నాకు మంట. అన్నవాళ్ళలో ఒక్కరూ బిల్లు కట్టే కౌంటర్ దాకా రాలేదని కాదు. వస్తే నేనే వద్దనేవాణ్ణి. అసలు కౌంటర్ ముందు నిలబడ్డవాడికి డబ్బూ మనిషీ రెండు వేరు వేరు పద్దులు ఎలా అవుతాయి? ఒకదాన్ని తీసి ఇంకోదాన్ని ఉంచుకోవడానికి అవేమైనా తక్కెడలో రెండు పళ్ళేలా? ఇంత మండిపడేవాణ్ణి, అన్న ప్రతివాడికీ "అవునండీ, అవునండీ" అని తల ఊపాను. మొహమాటానికి ఊపలేదు. నేనూ ఆ మాటే నమ్ముతాను. నమ్మకపోతే బొటనవేలి సంగతి ఇన్నాళ్ళు గుచ్చుకోదు.

నేను గుంటూరు మిర్చియార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తాని. ముప్పై ఆరేళ్ళ సర్వీసు. టిక్కీ చూసి తూకం చెప్పగలను, పట్టీ చూసి ఎక్కడ తేడా ఉందో చెప్పగలను. చిట్టాలో ఇవాళ పడ్డ రూపాయి ఆవర్జాలో ఎవరి ఖాతాకు చేరాలో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. మా ఇంటి లెక్క మాత్రం నాకు తెలియదు. జీతం తెచ్చి చేతిలో పెట్టేవాణ్ణి, అక్కడితో సరి. పాలు, గ్యాసు, కరెంటు, పదో తారీకు చీటీ, అబ్బాయి కాలేజీ ఫీజులు, ఆమె జాకెట్లు కుట్టగా వచ్చింది, అన్నీ ఆమె దగ్గరే. పెద్దలు ఇల్లాలిని దాసి అన్నారు, మంత్రి అన్నారు, తల్లి అన్నారు. ఖజానాదారు అని మాత్రం ఎవరూ అనలేదెందుకో. కొట్టు లెక్క మగవాడిది, ఇంటి లెక్క ఆడదానిది అనుకుని హాయిగా బతికాను. సుఖమైన ఏర్పాటే, ఆ ఖజానాదారు ఒకరోజు మాట పడిపోయి పడుకోనంతవరకు.

ఫిబ్రవరి 24. యార్డు సీజన్ అప్పుడే ఊపందుకుంటోంది. పొద్దున ఏడున్నరకు ఉప్మా పళ్ళెం అందిస్తుంటే ఆమె చేతిలో నుంచి జారింది. "ఏమైందే?" అంటే ఏదో అంది, అది మాట కాదు. నోరు ఒక పక్కకు వెళ్ళింది. ఆస్పత్రికి చేరి, స్కాన్ అయ్యేసరికి పదిన్నర. డాక్టరు గారు చిన్నవాడు, మా అబ్బాయి కంటే నాలుగైదేళ్ళు పెద్ద ఉంటాడేమో. మెదడులో రక్తనాళం పూడుకుపోయిందని, గడ్డ కరగడానికి ఇంజెక్షన్ ఉందని, మొదలైన నాలుగున్నర గంటల్లోపు ఇస్తేనే పనికొస్తుందని, వందలో ఆరుగురికి దాని వల్ల మెదడులో రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉందని చెప్పి, నా ముఖం వైపు చూశాడు. నా నోట్లో నుంచి వచ్చిన మొదటి మాట:

"ఎంతవుతుందండీ?"

బతుకుతుందా అనలేదు. ఆ ఆరుగురిలో పడితే ఏమిటి గతి అనలేదు. ఆయన ఏమీ అనుకోలేదు, రోజుకు ఎంతమంది దగ్గర వింటాడో. అంకె చెప్పాడు. సంతకం పెట్టాను. ఇంజెక్షన్ ఇచ్చారు.

నన్ను నేను సమర్థించుకోవడానికి ఎక్కడెక్కడికో వెళ్ళాను. సావిత్రి దాకా వెళ్ళాను. యముడి వెంట నడిచిన ఆ మహాతల్లి ముందేం అడిగింది? మామగారికి చూపు. తర్వాత? పోయిన రాజ్యం. ఆ తర్వాత తండ్రికి నూరుగురు కొడుకులు. భర్త ప్రాణం వరసలో చివరిది. పతివ్రతల్లో మొదటి పేరు చెప్పుకునే ఆవిడే ముందు ఆస్తిపాస్తులు చక్కబెట్టుకుందే, ఇంక నేనెంత! నాలుగు రోజులు ఈ ఆలోచన నాకు మంచి నిద్ర ఇచ్చింది. ఐదో రోజు తట్టింది: భర్త ప్రాణం తప్ప ఇంకేదైనా అడుగు అన్నది యముడు. ఆమె అడగకుండా ఆగలేదు, అడగనివ్వలేదు. నాకు డాక్టరు ఆ షరతేమీ పెట్టలేదు.

అసలు ఆ వేలు పట్టుకున్నప్పుడు నాకు గుర్తొచ్చింది సావిత్రి కాదు, మా తాతయ్య. నాకప్పుడు పదేళ్ళు. వరండాలో నులక మంచం మీద తాతయ్యకు ఆఖరి ఘడియలు. మా పెదనాయన ఒక కాగితం, నీలం సిరా ప్యాడు తెచ్చాడు. ఎవరూ ఏమీ అనలేదు. మంచం కోడు పక్కన గొంతుక్కూర్చుని, తాతయ్య ఎడమ బొటనవేలు ప్యాడు మీద దొర్లించి, కాగితం మీద దొర్లించాడు. ఒకటి సరిగ్గా పడలేదని పక్కన ఇంకోటి వేయించాడు. తెల్లవారుజామున తాతయ్య పోయాడు. స్నానం చేయించేటప్పుడు ఆ నీలం పోలేదు. మా అమ్మ కిరసనాయిలు గుడ్డతో రుద్దింది, కుంకుడు రసంతో రుద్దింది. గోరు అంచున కొంచెం మిగిలే పోయింది. "ప్రాణం పోతుంటే వేలు పట్టుకున్నాడు, చెయ్యి పట్టుకోలేదు" అని మా మేనత్త ఆ రోజు అన్న మాట మా వంశంలో నలభై ఏళ్ళు నడిచింది. పెదనాయన పేరెత్తితే ఆ మాటే. ఆ కాగితం దేనిదో నాకు పెద్దయ్యాక తెలిసింది. రెండెకరాలు మా నాయనమ్మ పేర రాసినది. ఆమె ఆ తర్వాత పన్నెండేళ్ళు బతికింది, ఆ రెండెకరాల కౌలు మీద, ఎవరి ముందూ చెయ్యి చాచకుండా. మా అత్త పండక్కి వచ్చినప్పుడల్లా తిన్న అన్నమూ ఆ కౌలుదే. పెదనాయన ఎప్పుడూ సంజాయిషీ చెప్పుకోలేదు. ఎందుకు చెప్పుకోలేదో ఇప్పుడు కాస్త అర్థమవుతోంది. కాగితం మంచిదే కావచ్చు, వేలు దొర్లించిన చేతులు తనవి కదా.

ఇంకో సమాధానం కూడా వెతుక్కున్నాను. భయం వేస్తే కొందరు హనుమాన్ చాలీసా చదువుతారు, కొందరు ఫోన్లు చేస్తారు. నాకు కూడికలు వస్తాయి కాబట్టి కూడాను, అది నా జపం అని. వినడానికి బాగుంది. అయితే ఒక సంగతి చెప్పాలి, ఇంతవరకు ఎవరికీ చెప్పనిది. ఫోన్ తెరుచుకోగానే మెసేజీల్లోకి వెళ్ళాను. చీటీ వాళ్ళ నంబరు కోసం అని అబ్బాయికి చెప్పాను. అది అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు. బ్యాంకు మెసేజీ కనిపించింది. నిలవ 1,62,450. జాకెట్లు కుట్టి, చీటీ పాడి, నాకు తెలియకుండా వెనకేసింది. ఆ అంకె చూసి నాకు సంతోషం వేసింది. ధైర్యం అని రాద్దామనుకున్నాను, ఊరట అని రాద్దామనుకున్నాను. కాదు, సంతోషమే. మిర్చి ధర పెరిగిన రోజు యార్డులో వేసేలాంటిది. ముక్కులో ఆక్సిజన్ గొట్టంతో ఆమె కళ్ళు మూసుకుని ఉంది, ఆమె వేలు ఇంకా నా ఎడమచేతిలోనే ఉంది. జపం చేసేవాడికి అలాంటి సంతోషం వస్తుందా?

నర్సమ్మ తల తిప్పుకున్నది వేలు అదిమినందుకా, నా ముఖంలో అది కనిపించినందుకా? ఆమెను అడగలేను కదా.

దీనికి ప్రాయశ్చిత్తంగా నేనొక పని చేశాను. ఐసీయూ నుంచి మార్చేటప్పుడు గది ఏది కావాలి అన్నారు. ముగ్గురుండేది, ఇద్దరుండేది, ఒక్కరుండేది. ఎంత అని అడగకూడదని పంతం పట్టి, "ఒక్కరుండేది" అన్నాను. ఆ మొత్తం వ్యవహారంలో లెక్క చూడకుండా నేను చేసిన పని అదొక్కటే. అబ్బాయికి మంచి జీతం రావడంతో మాకు ఆరోగ్యశ్రీ వర్తించకుండా పోయింది; వాడే మాకు 3 లక్షల పాలసీ తీసుకున్నాడు. అందులో గది అద్దె రోజుకు 1 శాతం, అంటే 3,000 దాకానే ఇస్తారట. నేను తీసుకున్నది 5,000 గది. ఆరు రోజులకు పైనపడే 12,000 మనం కట్టుకుంటే సరి అనుకున్నాను. సరి కాదు. అర్హతకు మించిన గది తీసుకుంటే డాక్టర్ల విజిట్లు, నర్సింగు లాంటి ఖర్చులు కూడా అదే నిష్పత్తిలో కోస్తారు, ఐదింటికి మూడే ఇస్తారు. మందులను, పరీక్షలను వదిలేశారు. మిగతా 48,000లో 19,200 కోత. మొత్తం 31,200 మా నెత్తిన. ముప్పై ఆరేళ్ళు పట్టీల్లో తరుగు, కూలి, కమీషన్ కోసినవాణ్ణి, ఈ కోత నాకు ఎదురుపడేదాకా తెలియలేదు.

డిశ్చార్జి కాగితాలు ఆమె ఎడమచేత్తో తిప్పింది. గది అద్దె దగ్గర ఆగింది. అప్పటికి ఆమెకు ఒక్కో మాటా కొండెక్కినట్టు వచ్చేది.

"మూడు... వేలది... లేదా?"

ఉంది అన్నాను. వారం రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. మాట రాక కాదు. నా తప్పు ఏదని నేను కుమిలిపోతున్నానో దాని ఊసే ఆమె ఎత్తలేదు. పుణ్యం అనుకుని చేసిన దానికి శిక్ష వేసింది. ఫోన్ ఎలా తెరిచానో చెప్పినప్పుడు "మరి... ఎలా తెరుస్తారు" అని ఊరుకుంది.

ఇక్కడితో నా అనుమానం తీరిపోవాలి. మా ఇద్దరి మధ్య ప్రేమ ఎప్పుడూ లెక్క భాషలోనే నడిచింది, ఇందులో సిగ్గుపడేదేముంది అని ముగించుకుందామనుకున్నాను. అప్పుడు క్యాలెండరు కంటపడింది.

వంటింట్లో తలుపు వెనక వెంకట్రామా వారి క్యాలెండరు. గళ్ళల్లో ఆమె పెన్సిలు గుర్తులు పెడుతుంది. గ్యాసు వచ్చిన రోజు, పనిమనిషి రాని రోజు. ఫిబ్రవరి పేజీ 23తో ఆగిపోయింది, ఆ తర్వాత అన్నీ ఖాళీ. ఆ ఇరవై మూడు గళ్ళల్లో కొన్నిట్లో చిన్నగా ½ అని ఉంది. ఎందుకో లెక్కపెట్టాను. పద్నాలుగు. అలవాటు కొద్దీ ఆమె బీపీ మాత్రల డబ్బా తీశాను. ఫిబ్రవరి 1న కొన్న బిల్లు అందులోనే మడిచి ఉంది: ముప్పై మాత్రలు. రోజుకొకటి చొప్పున 23 పోతే 7 ఉండాలి. 14 ఉన్నాయి. ఏడు ఎక్కువ. పద్నాలుగు సగాలు ఏడు. నా సర్వీసులో ఇంత శుభ్రంగా టాలీ అయిన ఖాతా లేదు.

వంటింటి గడప మీద కూలబడ్డాను. ఆ మాత్రల ఖరీదు ఎంతని, రోజుకు సగం మిగిలిస్తే వచ్చేదెంతని! నేను ఆస్పత్రిలో ఒకసారి "ఎంత" అని అడిగి ఇన్నాళ్ళుగా ఏడుస్తున్నాను. ఈమె అంతకుముందే తన మెదడును రూపాయల్లో బేరం పెట్టుకుని, ఆ బేరం క్యాలెండరులో రాసుకుందా? ఆ రాత్రి అడిగాను.

"ఈ సగాలు ఏంటే?"

చూసింది. చాలాసేపు చూసింది. "పాలు" అంది.

"పాలా?"

"అర... లీటరే... తీసుకున్న రోజులు" అని, అటు తిరిగి పడుకుంది.

అయ్యుండొచ్చు. అబ్బాయి హైదరాబాద్ వెళ్ళిపోయాక మాకు లీటరు ఎక్కువే. మాత్రలు మర్చిపోయిన రోజులు ఏడు ఉండొచ్చు, అంకెలు ఊరికే కలిసి ఉండొచ్చు. పాలవాడి దగ్గర పుస్తకం ఉంటుంది. ఫిబ్రవరి పేజీ ఒక్కటి తిరగేస్తే అరనిమిషంలో తేలిపోతుంది. రోజూ పొద్దున ఆరింటికి మా గుమ్మంలోకి వస్తాడు, ఆ పుస్తకం బండి హ్యాండిల్‌కు వేలాడే సంచిలోనే ఉంటుంది. పైసా తేడా వస్తే రాత్రి పదకొండు దాకా కొట్లో కూర్చుని వెతికినవాణ్ణి, అతణ్ణి మాత్రం అడగలేదు.

మొన్న ఒకటో తారీకున ఆమె ఫోన్ అందించమంది. ఇచ్చాను. ఎడమ బొటనవేలిని కూడా అందులో ఎక్కించుకోమని నెలల తరబడి చెబుతున్నాను, వినదు. ఫోన్ ఒళ్ళో పెట్టుకుంది. ఎడమచేత్తో తన కుడి బొటనవేలు పట్టుకుని పైకి తీసింది, కొంగుతో తుడిచింది, ఫోన్ మీద ఆనించి అదిమింది. అచ్చం నేను పట్టుకున్నట్టే. రెండోసారికి తెరుచుకుంది. పాలవాడికి డబ్బులు కొడుతోంది.

"ఎంత?" అన్నాను.

ఫోన్ తన వైపు తిప్పుకుంది.

"మీకె... ందుకు" అంది.