ఆకలిగొన్న గోపబాలురు

శ్రీమద్భాగవత దశమస్కంధములోని లీలలను మన యిండ్లలో పసిపిల్లలు సైతము చెప్పగలరు. వెన్నదొంగతనము, కాళియమర్దనము, గోవర్ధనోద్ధరణము అందరి నోటను ఉన్నవే. గోవర్ధనగాథకు ముందు వచ్చు విప్రపత్నుల కథను మాత్రము పౌరాణికులు తరచు త్వరగా దాటిపోవుదురు. ఆ కథకు మూలము పిల్లల ఆకలి.

వేసవి యెండలో గోవులను మేపుచు దూరము వచ్చిన బాలురు యమునాతీరమున బలరామకృష్ణులతో తమ ఆకలి చెప్పుకొనిరి. స్వామి వారిని దాపున ఆంగిరససత్రము చేయుచున్న విప్రుల కడకు పంపెను. బాలురు సాష్టాంగపడి అన్నమడిగిరి. ఆ పండితులు పెట్టుదుమనలేదు, పెట్టమనియు అనలేదు. మంత్రము, తంత్రము, ద్రవ్యము, అగ్ని అన్నియు ఎరిగినవారే. ఎదుట నిలిచిన పసివారి కడుపు మాత్రము వారికి కానరాలేదు. అప్పుడు స్వామి నవ్వి బాలురను వారి భార్యల కడకు పంపెను. ఆ తల్లులు, భర్తలు వారించుచున్నను వినక, అన్నమును పాత్రలకెత్తుకొని స్వామియు బాలురును ఉన్న వనమునకే నడచిపోయిరి. గోవిందుడు ఆ అన్నమును ముందు గోపబాలురకు పెట్టి, తరువాత తానారగించెను.

ఈ క్రమమును వైష్ణవులు గమనింపవలెను. ఆరగింపు అయిన పిదప ప్రసాదము పంచుట మన ఆచారము, అది ఉండవలసినదే. అయినను ఆకలిగొన్న పిల్లలున్నచోట స్వామి తన ఆరగింపును వెనుకకు జరుపుకొనెను.

కుముదవల్లి కోర్కెపై తిరుమంగై యాళ్వారు ఏడాదిపాటు దినమునకు 1008 మంది వైష్ణవులకు తదీయారాధనము చేసెనని గురుపరంపర చెప్పుచున్నది. తిరుమలలో 1985లో ఆరంభమైన నిత్యాన్నదానము నేడు తరిగొండ వెంగమాంబ పేరిట గల భోజనశాలలో వేలాది యాత్రికుల ఆకలి తీర్చుచున్నది. కాని అక్కడ భుజింపవలెనన్న అక్కడికి రావలెను. కూలివాని గుడిసెలోని పదినెలల శిశువు పంక్తికి నడచి రాలేదు.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, మన దేశమున ఐదేండ్లలోపు పిల్లలలో నూటికి 35.5 మంది వయస్సునకు తగిన ఎత్తు ఎదుగలేదని తేలినది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ సంఖ్య 31.2, తెలంగాణలో 33.1. ఆరు నెలలు దాటి రెండేండ్లు నిండని పిల్లలలో తగినంత ఆహారము అందుచున్నవారు దేశము మొత్తమున నూటికి 11.3 మందియే.

అన్నప్రాశనమును మన పెద్దలు ఆరవ మాసమున విధించిరి. నేటి వైద్యులును ఆరు నెలలు నిండువరకు తల్లిపాలే చాలుననియు, పిదప పాలతోబాటు అన్నము పెట్టవలెననియు చెప్పుచున్నారు. లోపమంతయు ఆ వేడుక మరునాటినుండియే. కూలికి పోవు తల్లి తెల్లవారుజామున ఇంత గంజి త్రాగించి, బిడ్డను ఏడెనిమిదేండ్ల అక్కకు అప్పగించి, నాట్లకో కలుపునకో పోవును. మరల పొయ్యి రాజునది దీపాలవేళకే. పెద్దవారు రెండుపూటలతో గడుపుకొందురు. పిడికెడు పొట్ట గల శిశువు ఒక్కసారి నాలుగు ముద్దలకు మించి తినలేడు. కనుక దినమునకు మూడు నాలుగు మారులు పెట్టవలెను. పలుచని గంజి పొట్ట నింపును గాని ఒడలు నింపదు. మెత్తగా ఉడికిన పప్పన్నము, చెంచాడు నేయియో నూనెయో, మెదిపిన ఆకుకూర, అరటిపండు కావలెను. ఆ తల్లికి తెలియక కాదు. పొలమునకు పోనిదే కూలి లేదు, కూలి లేనిదే పప్పు లేదు. తల్లులను నిందించు ప్రవచనములు ఇప్పటికే చాలినన్ని వింటిమి.

బిడ్డ చిక్కిపోయిన దిష్టి యనియు, బాలగ్రహమనియు తాయెత్తు కట్టించువారు ఇంకను కలరు. కట్టించినను సరే, ఆరు నెలలు మొదలు ఐదేండ్ల లోపు బిడ్డకు దండచేయి చుట్టుకొలత 11.5 సెంటీమీటర్లకు తగ్గినను, రెండు పాదములును వాచినను, ఆనాడే వైద్యశాలకు కొనిపోవలెను. అది ప్రాణాపాయస్థితి.

1975 అక్టోబరు 2న మొదలైన శిశు అభివృద్ధి పథకము వలన గ్రామములలో అంగన్‌వాడీలు వెలసినవి. అక్కడ ఇచ్చు కోడిగ్రుడ్డు విషయమున మనలో కొందరికి అభ్యంతరము కలదు. మన వంటయింటి నియమము మనకు శిరోధార్యమే. దానిని ఆకలిగొన్న పరుల బిడ్డ పళ్ళెముపై మోపు అధికారము మనకు లేదు.

మనము చేయదగినది మన చేతిలోనే ఉన్నది. నలుగురేసి ఏకాదశి ఉపవాసముండు ఇరువది ఇండ్లు గల ఊరిని తలచుకొందము. మనిషికి దినమునకు 50 గ్రాముల పప్పు చొప్పున నెలలో రెండు ఏకాదశులకు మిగులునది 8 కిలోలు. శిశువునకు దినమునకు 30 గ్రాములన్న, ఎనిమిదిమందికి నెల పొడుగునా సరిపోవును. ఆ పప్పును, దానితోబాటు మిగిలిన బియ్యమును కోవెలలో పోగుచేసి, తల్లులు పొలమున నుండు వేళ ఇంటిపట్టున నుండు పెద్దమ్మలు వండి, గిన్నె తామే మోసికొనిపోయి పెట్టవచ్చును. వండువారును పెట్టువారును చేతులు సబ్బుతో కడుగుకొని, కాచి చల్లార్చిన నీరు కూడ వెంట తీసికొనిపోవలెను. విరేచనములు పట్టిన బిడ్డకు ఎంత పెట్టినను ఒంటబట్టదు.