సంద్రం చిట్టా

సముద్రం కనిపించని ఊళ్లో సముద్రం లెక్కలు రాసే కార్యాలయం ఒకటుంది. హైదరాబాదు ప్రగతినగర్ దగ్గర, 1999లో మొదలైన ఇన్‌కాయిస్. అక్కడి నుంచి తీరం రెండు వందల కిలోమీటర్ల పైమాటే. అయినా హిందూ మహాసముద్రం అక్కడికి రోజూ వస్తుంది, ఉపగ్రహం చూసిన నీటి రంగుగా, అలల ఎత్తుగా, నీటి లోతుల్లో తిరిగే యంత్రాలు పంపే కబుర్లుగా. ఆ అంకెల్ని చదవడం, తప్పొప్పులు ఏరడం నేర్పే శిక్షణ కేంద్రం కూడా ఆ ఆవరణలోనే ఉంది. ఈ మహాసముద్రం ఒడ్డున ఉన్న దేశాల నుంచి కుర్ర శాస్త్రవేత్తలు వచ్చి నేర్చుకుని వెళ్తుంటారు. దాన్ని యునెస్కో అండలో నడిచే కేంద్రంగా మార్చడానికి 2018లో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది.

సముద్రపు డేటాను దేశాలు ఇచ్చిపుచ్చుకోవడం కొత్త సంగతేం కాదు. దానికోసమే యునెస్కో సముద్ర కమిషన్ 1961లో ఒక వ్యవస్థ పెట్టింది. ఇప్పుడు దాని కార్యాలయం బెల్జియం తీరాన ఓస్టెండ్‌లో ఉంది. ఇలాంటి చోట్ల నేర్పేది చాలావరకు పనితనం. ఉప్పదనాన్ని ఏ ప్రమాణంలో రాయాలి, అనుమానం ఉన్న కొలతకు ఏ గుర్తు పెట్టాలి, ఇరవై ఏళ్ల తర్వాత తెరిచినవాడికి అర్థం కావాలంటే పక్కన ఏమేం రాసి ఉంచాలి, ఇలాంటివి. 2021 నుంచి 2030 వరకు సముద్ర విజ్ఞాన దశాబ్ది అని ఐక్యరాజ్యసమితి ప్రకటించాక మరో మాట గట్టిగా వినబడుతోంది. యంత్రాలూ ప్రమాణాలూ ఉంటే చాలదు, ఒకరినొకరు నమ్మి ఇచ్చిపుచ్చుకునే బృందాలు కావాలి, వాటిని కట్టగల నాయకుల్ని తయారుచేయాలి అంటున్నారు. కోరిక మంచిదే. ఉప్పదనం కొలవడం నేర్పొచ్చు. కొలిచినదాన్ని నలుగురి ముందు పెట్టాలనే బుద్ధిని ఎవరు, ఎలా నేర్పుతారన్నదే నా సందేహం.

కొలతలు పంచుకునే ఈ విద్యకు తొలి గురువుల్లో ఒకడని చెప్పుకోదగ్గ మనిషి అమెరికా నౌకాదళంలోని మాథ్యూ మోరీ. బండి ప్రమాదంలో కాలు దెబ్బతిని, మళ్లీ ఓడెక్కే ఆశ పోయిన అధికారి. 1842లో అతన్ని పటాలూ పరికరాలూ దాచే కార్యాలయంలో కూర్చోబెట్టారు. అక్కడ పాత ఓడల దినచర్య పుస్తకాలు గుట్టలుగా పడున్నాయి. ఎవరికీ పట్టని ఆ కాగితాల్లో ఏ నెలలో ఏ గాలి వీచిందో, నీరు ఎటు లాగిందో ఉందని అతను పసిగట్టాడు. వాటిని క్రోడీకరించి గాలుల, ప్రవాహాల పటాలు గీశాడు. ఆ తర్వాత చేసిన పనే అసలు తెలివైనది. కెప్టెన్లకు పటం ఉచితంగా ఇస్తాను, బదులుగా నీ ప్రయాణపు కొలతలు నేనడిగిన పద్ధతిలో రాసి పంపు అన్నాడు. వాళ్లు పంపారు. 1853లో బ్రస్సెల్స్‌లో పది దేశాల ప్రతినిధులు కూర్చుని అందరూ ఒకే తీరున కొలిచి రాయాలని ఒప్పుకున్నారు. వ్యాపారంలో పోటీపడే దేశాలు, అవసరమైతే తుపాకులు ఎక్కుపెట్టుకునే దేశాలు, గాలి లెక్క దగ్గర ఒక్క పట్టిక మీద చేతులు కలిపాయి.

కథ ఇక్కడ ఆపితే శిక్షణ తరగతిలో మొదటి పాఠంగా పెట్టుకోవచ్చు. ఆపడం కుదరదు. బానిసల యజమానులు అమెజాన్ లోయకు వెళ్లి స్థిరపడాలని ఇదే మోరీ వాదించాడు. 1861లో అంతర్యుద్ధం మొదలవగానే బానిసత్వాన్ని నిలబెట్టుకోవాలనుకున్న దక్షిణాది పక్షాన చేరాడు. ఓడలకు క్షేమమైన దారులు చూపినవాడు ఓడల్ని పేల్చే నీటి మందుపాతరల తయారీలో మునిగాడు. సముద్రాన్ని లోకమంతటికీ పంచిపెట్టాలనుకున్న మనసులోనే తోటి మనిషిని ఆస్తిగా లెక్కగట్టడానికీ చోటు దొరికింది. ఆ రెండూ ఒకే బుర్రలో గొడవపడకుండా ఎలా కాపురం చేశాయో నాకు అంతుపట్టదు. ఒకటి మాత్రం అర్థమవుతుంది. కెప్టెన్లు అతని మంచితనాన్ని చూసి డేటా ఇవ్వలేదు. బేరం న్యాయంగా ఉంది కాబట్టి ఇచ్చారు. ఇచ్చినవాడికి వచ్చే ప్రయాణానికల్లా ప్రతిఫలం చేతికందింది. నాయకుడి గుణగణాల మీద పాఠాలు చెప్పేవాళ్లు ఈ బేరం సంగతి కూడా కాస్త చూడాలి.

బేరం అన్నాను గానీ, అన్నిసార్లూ అదే చాలదు. 2004 డిసెంబరు 26న సుమత్రా దగ్గర భూమి కంపించిన కొద్ది నిమిషాలకే హవాయిలోని సునామీ హెచ్చరిక కేంద్రం దాన్ని పసిగట్టింది. కెరటం మన తూర్పు తీరానికి చేరడానికి సుమారు రెండు గంటలు పట్టింది. కానీ హిందూ మహాసముద్రంలో నీటిమట్టాన్ని అప్పటికప్పుడు చెప్పే పరికరాల వ్యవస్థ లేదు. అంతకంటే బాధాకరమైన సంగతి, ఎవరికి ఫోన్ చేయాలో ఆ కేంద్రానికి తెలియదు. చెబితే అందుకునేవాళ్లు, అందుకుని ఊళ్లకు ఉరికేవాళ్లు ఏర్పడి లేరు. రెండు లక్షల మందికి పైగా పోయారు. ఆంధ్ర తీరంలోనూ వంద మందికి పైగా పోయారు. 2007లో ఇన్‌కాయిస్‌లో సునామీ హెచ్చరిక కేంద్రం వచ్చింది. ఇవాళ ఆస్ట్రేలియా, ఇండోనేషియాలతో పాటు అది మహాసముద్రం చుట్టూ ఉన్న దేశాలకు కబురు పంపుతుంది. ఇన్ని చావులయ్యాక నేర్చుకున్న పాఠం నిజానికి చాలా చిన్నది. అవతలి గట్టున ఎవరున్నారో పేరుతో సహా తెలిసి ఉండాలి.

ఆ పరిచయాన్ని పెంచే పని బాగా జరిగిన చోటు ఒకటి చెప్పాలి. సముద్రపు అడుగు పటం గీసే జెబ్కో సంస్థ 1903 నాటిది, మొనాకో రాజు మొదటి ఆల్బర్ట్ చేరదీసిన పని. అది జపాన్‌కు చెందిన నిప్పాన్ ఫౌండేషన్‌తో కలిసి 2004 నుంచి అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ విశ్వవిద్యాలయంలో ఏటా కొద్దిమందికి ఏడాది పాటు శిక్షణ ఇస్తోంది. రకరకాల దేశాల వాళ్లు కలిసి చదువుతారు. ఆ పూర్వ విద్యార్థులే ఒక జట్టు కట్టి, 2019లో సముద్రపు అడుగును మనిషి దిగకుండా కొలిచే ఎక్స్‌ప్రైజ్ పోటీలో మొదటి బహుమతి గెలిచారు. సముద్రపు అడుగంతా కొలవాలనే సీబెడ్ 2030 పథకం 2017లో మొదలయ్యేనాటికి, సరిగ్గా కొలిచింది ఆరు శాతం మాత్రమే. ఇప్పుడది నాలుగోవంతు దాటింది. పాఠ్యప్రణాళికలో ఏముందోగానీ, ఆ ఏడాది కాలం ఒక కప్పు కింద బతకడమే అసలు శిక్షణ అయి ఉంటుందని నా ఊహ. ఎవరి దేశంలో అధికారి ఎలా కసురుతాడో, ఎవరి ఇంట్లో పెళ్లి ఎప్పుడో తెలిసినవాళ్ల మధ్య ఫైలు అడగడం తేలిక. వారం రోజుల తరగతి పెట్టి, చివరి రోజు గ్రూపు ఫోటో తీసుకుని, ధ్రువపత్రాలు పంచేస్తే ఈ చనువు రాదు.

చనువు వచ్చిందే అనుకుందాం. శిక్షణ ముగించుకున్న ఆ అమ్మాయి లేదా అబ్బాయి సొంత దేశపు కార్యాలయానికి తిరిగి వెళ్లాక ఏమవుతుంది? బీరువా తాళం పై అధికారి దగ్గర ఉంటుంది. ఆయన ఇవ్వడు. శిక్షణ ఇచ్చినవాళ్లు దీన్ని అజ్ఞానం అనుకుంటారు. నాకు అది భయంలా కనబడుతుంది, పైగా కొంత అర్థమున్న భయం. నీటి వేడి, ఉప్పదనం లోతుతో పాటు ఎలా మారతాయో తెలిస్తే ధ్వని ఎంత వేగంగా, ఎటు వంగి పోతుందో తెలుస్తుంది. అది తెలిస్తే జలాంతర్గామి ఎక్కడ నక్కొచ్చో తెలుస్తుంది. తీరం నుంచి 200 నాటికల్ మైళ్ల లోపల పరిశోధన చేయాలంటే ఆ దేశం ఒప్పుకోవాలని 1982 నాటి సముద్ర చట్టం ఒడంబడిక ఊరికే అనలేదు. శాస్త్రవేత్తకు మరో భయం. పరాయి ఓడ వచ్చి, మన నీళ్లలో నమూనాలు తీసుకుని, మన పేరు లేకుండా వ్యాసం రాసేసుకుంటుందని. ఇది జరగనిదేం కాదు.

ఇన్ని భయాల మధ్య కూడా ఆర్గో అనే ఉమ్మడి ఏర్పాటు నిలబడింది, అదొక ఊరట. ముప్పై దాకా దేశాలు వదిలిన దాదాపు నాలుగు వేల తేలుడు యంత్రాలు వెయ్యి మీటర్ల లోతున కొట్టుకుపోతుంటాయి. పది రోజులకోసారి రెండు వేల మీటర్లకు దిగి, అక్కడి నుంచి కొలుచుకుంటూ పైకి వచ్చి ఉపగ్రహానికి కబురు చెబుతాయి. ఒక రోజు లోపు ఆ కొలతలు లోకంలో ఎవరైనా తీసుకోవచ్చు, అడగాల్సిన పనిలేదు. హిందూ మహాసముద్రం వాటా లెక్కలు హైదరాబాదులోనే సరిచూస్తారు. అయితే ఒకటి గమనించాలి. యంత్రానికి రహస్యం లేదు, పోటీ లేదు, ఆకలి లేదు. దాని దగ్గర పంచుకోవడం సులువుగా కుదిరిందంటే, ఇచ్చేవాడు మనిషి కాకపోవడం వల్ల కూడా కావచ్చు.

మనిషి దగ్గరికి వస్తే వేరే సంగతి. విశాఖ నుంచి శ్రీకాకుళం దాకా పాత తరం మత్స్యకారులకు సంద్రంలో చోట్లు తెలుసు. తీరాన కనబడే కొండనూ గుడినీ కలిపి ఒక గీత, మరో కొండనూ తాటితోపునూ కలిపి మరో గీత. ఆ రెండూ కోసుకున్న చోట అడుగున రాయి ఉంది, రాయి దగ్గర చేప ఉంది. ఇది ఏ కాగితం మీదా ఉండదు. తండ్రి కొడుక్కి చెబుతాడు, పక్క పడవకు చెప్పడు. ఇప్పుడు ఉపగ్రహం చూసిన నీటి వేడినీ రంగునూ బట్టి చేప దొరికే అవకాశం ఎక్కడుందో ఇన్‌కాయిస్ ఉచితంగా చెబుతోంది. ఎంత డీజిలు, ఎంత తిరుగుడు మిగులుతుందో చూస్తే ఇది నిజంగా మేలే. కాని ఒకే కబురు తెప్ప మీదివాడికీ మరబోటువాడికీ ఒకే క్షణంలో చేరితే ముందు అక్కడ వల వేసేది ఎవరు? సమానంగా పంచిన సమాచారం అసమానమైన చేతుల్లో పడుతోంది. అందరికీ తెరిచి ఉంచాం కదా అంటే బాధ్యత తీరిపోతుందా? పోనీ, పెద్ద బోటుకు చెప్పకుండా చిన్న పడవకే చెప్పాలా? అలా తేల్చే హక్కు సమాచారం దగ్గరున్నవాడికి ఇస్తే మళ్లీ గ్రామ కరణమే. ఊరి భూమి అతనిది కాదు, చిట్టా అడంగల్ అతనివి, కాబట్టి ఊరంతా అతని అరుగు ముందు నిలబడేది. 1984లో ఆ వంశపారంపర్య పదవులు రద్దయ్యాయి గానీ లెక్క దగ్గరుంచుకున్నవాడి ఆధిపత్యం రద్దు కాలేదు. డేటా బృందాలకు నాయకుల్ని తయారుచేస్తున్నామంటే నాకు ముందుగా వచ్చే గుబులు ఇదే. మనం తయారుచేసేది తాళం తీసేవాణ్నా, తాళంచెవి మొలకు కట్టుకునేవాణ్నా?

ఈ గుబులుకు పసిఫిక్ నుంచి ఒక మనిషి అడ్డొస్తాడు. మౌ పియాయిలుగ్, మైక్రోనేషియాలో సటవాల్ అనే, ఒకటిన్నర చదరపు కిలోమీటర్లు కూడా లేని దీవివాడు. నక్షత్రాలనూ కెరటాల కదలికనూ చూసి పడవ నడిపే విద్య అతనికి చిన్ననాడే అబ్బింది. ఆ విద్య కుటుంబాల్లో దాచుకునేది, బయటివాళ్లకు చెప్పేది కాదు. హవాయిలో అదే విద్య ఎప్పుడో అంతరించింది. 1976లో హవాయి వాళ్లు పాత పద్ధతిలో కట్టిన హోకులేఆ అనే పడవను అతను పరికరాలేవీ లేకుండా నెల పైచిలుకు ప్రయాణంలో తహితి చేర్చాడు. అంతటితో ఆగలేదు, కూర్చోబెట్టి నేర్పాడు. 1980లో అతని దగ్గర నేర్చుకున్న నైనోవా థాంప్సన్ అదే దారిన తానే చుక్కాని పట్టాడు. కట్టుబాటు దాటాడని సొంత మనుషుల్లో కొందరు మౌ మీద కోపగించారు. 2007లో హవాయి వాళ్లు తమ చేతులతో కట్టిన పడవను సటవాల్ దాకా నడిపి తెచ్చి అతనికి కానుకగా ఇచ్చారు. అప్పుడే అతను అయిదుగురు హవాయి శిష్యులకు సంప్రదాయం ప్రకారం నావికుల దీక్ష ఇచ్చాడు. 2010లో పోయాడు.

ఇది చదివినప్పుడల్లా నాకు కృతజ్ఞత కలుగుతుంది, వెంటనే ఒక ఇబ్బంది కూడా. అతను బయటివాళ్లకు చెప్పింది ఔదార్యంతో మాత్రమే కాదు. తన దీవి కుర్రాళ్లు ఈ విద్య మీద ఆసక్తి వదిలేస్తున్నారని, తనతోనే ఇది ఆగిపోతుందని భయపడ్డాడు. వాళ్లు నేర్చుకుని ఉంటే అతను చెప్పేవాడా? కొండ గుర్తులు తెలిసిన శ్రీకాకుళం మత్స్యకారుల కొడుకులు చాలామంది ఇవాళ గుజరాత్ వెరావల్‌లో పరాయి బోట్ల మీద కూలికి పోతున్నారు. 2018లో ఆంధ్ర తీరం నుంచి అలా వెళ్లినవాళ్లలో ఇరవై మంది పాకిస్తాన్‌కు పట్టుబడి, 2020 జనవరిలో గానీ ఇంటికి రాలేదు. రేపు శిక్షణ పొందిన ఒక మంచి నాయకుడు, నిజంగా మంచివాడే, రికార్డరు పట్టుకుని ఒడ్డున అలాంటి ఒక ముసలి మత్స్యకారుడి పక్కన కూర్చుంటాడు. ఆయన తనకు తెలిసిన రాళ్ల చోట్లన్నీ చెబుతాడు, చెప్పడానికి కొడుకు ఊళ్లో లేడు కాబట్టి. ఆ ఫైలు అందరికీ తెరిచి ఉంచుతారు. ఆయన ఇష్టపడే ఇచ్చాడని కింద సంతకం కూడా ఉంటుంది. దాన్ని పంచుకోవడం అనాలా, ఇంకేమైనా అనాలా అన్నది మాత్రం నాకు తేలడం లేదు.